చాలదప్పా సుబ్బయ్య

సుబ్బయ్యకు లోకంలో ఏదీ చాలదు.

ఆశపోతు అనుకునేరు, అదేం కాదు. ఉన్నది ఒక్క స్వెట్టరు. దాంతోనే క్రైస్ట్‌చర్చ్‌లో పదేళ్ళ చలికాలాలు గట్టెక్కించాడు. కంచంలో రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెడతాడు. కాని ఏ వస్తువునైనా ఆయన ముందు పెట్టి చూడండి. గిన్నెడు పప్పు, ట్యాంకు నిండా పెట్రోలు, కొండ మీద మబ్బు, ఏదైనా సరే. కళ్ళు చికిలించి, తల కాస్త ఎడమకు వంచి, నాలుకతో ఒక్క చప్పరింపు చప్పరించి, "చాలదప్పా!" అంటాడు. ఆ మాట అనకుండా ఆయన దేన్నైనా దాటిపోగా చూశామని చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు.

ఈ జబ్బు ఎప్పటినుంచి అని అడిగితే భార్య రమామణి పెళ్ళిపీటల దగ్గర మొదలుపెడుతుంది. "మూడు ముళ్ళు ఏసినాడా, ఇంగ చెయ్యి తియ్యడే! నాలుగోది ఏయబోయినాడు. అయ్యవారు చెయ్యి పట్టుకోని 'నాయనా, మూడే' అంటే, 'తాడు కొత్తది సామీ, జారుతాదేమో, మూడు చాలదు' అన్నాడు. మండపమంతా ఒకటే నవ్వులు. నేను మాత్రం తల వంచుకోనే అనుకున్నా, ఈయన నన్ను ఇడ్సిపెట్టి యాడికీ పోయేటట్టు లేడులే అని." ఆమె ఈ కథ ఎత్తుకున్నప్పుడల్లా సుబ్బయ్యకు ఎక్కడలేని దాహం వేసి వంటింట్లోకి వెళ్ళిపోతాడు.

క్రైస్ట్‌చర్చ్ నుంచి ఆష్‌బర్టన్‌కు కారులో గంట ప్రయాణం. సుబ్బయ్య ట్యాంకు నింపుకుని బయలుదేరి, ఊరు దాటీ దాటకముందే మరో బంకులో ఆగుతాడు. పైపు పెట్టగానే అది టక్కుమని ఆగిపోతుంది. "చూసినావా, ఇంగ పోయడంల్యా. ఈ బంకులో పెట్రోలు చాలదు," అంటాడు. ట్యాంకు నిండిపోయిందని చెప్పే ఓపిక రమామణికి పెళ్ళయిన కొత్తలో ఉండేది.

స్పందనకు ఆయన పరిచయమైంది పులిహోర వల్ల. తెనాలి నుంచి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో, నలుగురు అమ్మాయిలతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేది. ఉగాదికి తెలుగువాళ్ళంతా ఒక హాలు తీసుకుని తలా ఒక వంటకం తెచ్చుకోవడం అక్కడి రివాజు. పండగ ముందురోజు సుబ్బయ్య వంటల వివరం విని, కళ్ళు చికిలించి, అలవాటైన మాట అన్నాడు. మన ఆడవాళ్ళకు ఈ మాట ఒక్కటి చెవిన పడితే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. వచ్చిన అతిథులకు అన్నం చాలలేదన్న అప్రతిష్ఠ కంటే ఆ ఊరిని కూల్చిన భూకంపం లాంటిది మరొకటైనా భరిస్తారు. ఎవరికి వారే రెట్టింపు వండారు. తీరా చూస్తే హాల్లో మనుషుల కంటే గిన్నెలే ఎక్కువయ్యాయి.

"ఇదంతా ఎవరు తింటారండీ సుబ్బయ్యగారూ?" అని అందరూ ఆయన మీద పడ్డారు. ఆయన మాట్లాడకుండా కారు డిక్కీలోంచి ఖాళీ ఐస్‌క్రీం డబ్బాల కట్ట తీశాడు. మిగిలిందంతా వాటిలోకి ఎత్తి, ఊళ్ళో తెలుగు పిల్లలున్న ప్రతి ఫ్లాట్ తలుపూ తట్టాడు. స్పందన ఫ్రిజ్‌లో ఐస్‌క్రీం ఉందని సంబరపడి మూత తీస్తే పులిహోర కనిపించింది. నాలుగు రోజులు అదే తిన్నారు. ఐదోరోజున ఆయన ఫోన్ చేసి, "ఏం పాపా, చాల్లేదు కదా?" అని అడిగాడు.

ఆ స్పందనే చదువు పూర్తిచేసి, క్రైస్ట్‌చర్చ్‌కు గంటన్నర దూరంలో కొండల్లో ఉన్న టస్సాక్ రిడ్జ్ అనే స్కీ ఫీల్డ్‌లో, అంటే మంచు వాలు మీద జారే ఆటస్థలంలో, ఉద్యోగానికి చేరింది. చేరిన రోజు పంపు షెడ్డులోంచి నూనె చేతులతో బయటికొచ్చిన మనిషి సుబ్బయ్య. అనంతపురంలో ఎత్తిపోతల పంపులు చూసిన ఇంజనీరు, భూకంపం తరవాత క్రైస్ట్‌చర్చ్ నీటిపైపులన్నీ తవ్వి అతికినవాడు, అప్పటికి కొన్నేళ్ళుగా ఆ కొండ మీద మంచు తయారుచేస్తున్నాడు.

అవును, తయారుచేయడమే. ఆకాశం దయతలిచి కురిస్తే స్కీ ఫీల్డ్‌లో ఎవరికీ చింత లేదు. కురవని ఏడు మనమే చేసుకోవాలి. కొండ దిగువన తవ్విన నీళ్ళగుంటలోంచి పంపులు నీటిని లాగి పైపుల్లో పైకి తోస్తాయి. వాలు పొడుగునా నిలబెట్టిన మంచు గన్నులు ఆ నీటిని తుంపర చేసి చలిగాలిలోకి చిమ్ముతాయి. తుంపర నేల తాకేలోగా మంచవుతుంది. వినడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం నీళ్ళు కావాలి, కరెంటు కావాలి, తేమ లేని గట్టి చలి కావాలి. టస్సాక్ రిడ్జ్‌లో మూడూ అంతంత మాత్రమే. సుబ్బయ్య లాంటి మనిషికి ఇంతకంటే తగిన ఉద్యోగం భూమ్మీద దొరకదు.

మేనేజరు బ్రూస్ ఆయనకు పూర్తిగా ఎదురు. గడ్డకట్టే చలిలో కూడా నిక్కరు వేసుకుని తిరుగుతాడు. ఇల్లు తగలబడుతున్నా "షీ విల్ బీ రైట్, మేట్" అంటాడు. అంటే, అంతా అదే సర్దుకుంటుందిలే మిత్రమా అని. సుబ్బయ్య పనిలో చేరిన రోజున బ్రూస్ ఆయనను వెంటబెట్టుకుని అంతా చూపించాడట. నీళ్ళగుంట చూపిస్తే చాలదన్నాడు. పంపులు రెండు. ఒకటి కొత్తది, రెండోది వయసులో బ్రూస్ కంటే పెద్దది. చాలవన్నాడు. పైపు తట్టి చూసి చాలదన్నాడు. కరెంటు తీగ చూసి, మాట కూడా అనకుండా చప్పరించి ఊరుకున్నాడు.

"మరి ఇక్కడ ఏది చాలుతుంది, మేట్?" అన్నాడు బ్రూస్ విసుగెత్తి.

"నీ ధైర్యం. అదొక్కటి కొంచెం ఎక్కువే ఉన్నట్టుంది," అన్నాడు సుబ్బయ్య.

కరెంటు సంగతి ఉట్టి మాట కాదు. కొండెక్కి వచ్చే తీగ ఒక్కటే. తెల్లవారుజామున పంపులు తిరుగుతుండగా కాఫీ షాపులో 'పై' అనే కూరిన రొట్టెలు వేడిచేసే పెట్టె ఆన్ చేశారా, పంపులు మూర్ఛపోయేవి. సుబ్బయ్య పోయి ఆ పెట్టె స్విచ్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పొద్దున్నే డ్యూటీకి వచ్చిన కివీలకు, అంటే ఆ దేశస్థులకు, మాంసం కూరిన 'పై' చల్లగా ఇవ్వడమంటే మనవాళ్ళకు చల్లారిన కాఫీ ఇచ్చి పనిలోకి దిగమనడమే. పెద్ద గొడవైంది. మర్నాడు సుబ్బయ్య హాట్‌బాక్సు నిండా రమామణి చేసిన వేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నానబెట్టి తాలింపు వేసిన బొరుగులను వాళ్ళు మొదట అనుమానంగా చూశారు, తరవాత డబ్బా అడుగు గీకారు. ఆ వారంలోనే కొండ మీద అందరికీ ఒక తెలుగు మాట వచ్చేసింది. పొద్దున వాకీటాకీలో బ్రూస్ గొంతు వినిపించేది: "సుబ్బయ్యా, ఇవాళ నీళ్ళెట్లా ఉన్నాయి? చాలదప్పానా?"

"చాలదప్పా."

"మంచిది, మేట్. అయితే మామూలే."

ఇలా ఉండగా 2016 చలికాలం వచ్చింది. అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం. జూన్ గడిచిపోయినా మంచు పడలేదు. కొండలన్నీ ఎండిన గడ్డితో ఒంటె వీపులా గోధుమరంగులో ఉన్నాయి. అందరికంటే ఎక్కువ బెంగ స్పందనకు.

ఆమె పని చేసేది లెర్నర్స్ స్లోప్‌లో, అంటే స్కీ కొత్తగా నేర్చుకునే పిల్లలకు కేటాయించిన చిన్న వాలులో. జూలై స్కూలు సెలవుల మొదటి శనివారానికి ఆ వాలు తెరిస్తే, ఆమెను దానికి సూపర్‌వైజర్‌గా పర్మనెంట్ చేస్తామన్నారు. తెరవకపోతే ఈ ఏటికి దాన్ని మూసేయమని ఆక్లండ్‌లో ఉన్న యజమానుల మాట. మూసేస్తే ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే ఆమె వీసా ఆ చలికాలంతోనే ముగుస్తుంది. "నా చేతుల్లో లేదు స్పందనా," అన్నాడు బ్రూస్. అతను "అంతా అదే సర్దుకుంటుంది" అనకపోవడం ఆమె అదే మొదటిసారి చూడటం. దాంతో మరీ భయం పట్టుకుంది.

యజమానులకు ముద్దు పైనున్న రేస్ స్లోప్, అంటే పోటీలు జరిగే పెద్ద వాలు. దానికీ లెర్నర్స్‌కూ నీళ్ళు ఒకే పంపు షెడ్డు నుంచి పోవాలి. పెద్ద పైపు పైకి పోతుంది. దాన్నుంచి చీలిన సన్న పైపు ఒకటి వంకరలు తిరిగి తిరిగి అన్నిటికంటే చివర లెర్నర్స్‌కు చేరుతుంది. రెండు వైపులా వదిలితే చివరి గన్ను ముసలాయనలా దగ్గుతుంది తప్ప మంచు చిమ్మదు. "రెండూ ఒకేసారి నడిపించు, ఏం కాదు," అని బ్రూస్ ఉత్తర్వు. ఆ రోజు నుంచి స్పందన పొద్దున కొండెక్కగానే పంపు షెడ్డు దగ్గర ఆగడం మొదలుపెట్టింది.

"అంకుల్, శనివారానికి అవుద్దా?"

"చాలదు పాపా."

"నిన్నటికంటే పెరిగింది కదా అంకుల్? నేను చూసే వస్తున్నా."

"పెరిగింది. చాలదు."

మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. ఒకరోజు వెళ్ళేసరికి లెర్నర్స్ గన్ను మూతి వాలు వైపు కాక, పక్కనున్న లోతైన గండి వైపు తిరిగి ఉంది. స్పందన పరుగెత్తుకు వచ్చింది. "అంకుల్! గన్ను అటు తిరిగిందేంటి? మంచంతా గండిలో పడిపోద్ది కదా!"

"ఇటు గాలి చాలదు," అన్నాడు సుబ్బయ్య, తల ఎత్తకుండా.

"గాలి కూడా చాలదా?" అంది స్పందన. కోపం పట్టలేక షెడ్డు తలుపును తన్నబోయి, స్కీ బూటు బరువుకు తానే కూలబడింది.

రేస్ స్లోప్ పరిస్థితి ఇంకా అన్యాయం. అక్కడ నేల మీద చారెడు మంచు లేదు. బ్రూస్ రోజూ అడుగుతున్నాడు, సుబ్బయ్య రోజూ "పైకి ప్రెజర్ చాలదు" అంటున్నాడు. పైపు పాతది, పంపు ముసలిది, చాలదంటే చాలకపోయి ఉంటుంది. పుట్టిన దగ్గర్నుంచి ఆ మాటే చెప్పే మనిషిని ఎవరు మాత్రం నిలదీస్తారు?

గురువారం తాము ఫోన్‌లో సుబ్బయ్యతోనే మాట్లాడతామని ఆక్లండ్ నుంచి యజమానులు కబురు పెట్టారు. వాలుకు మంచు సరిపోతుందో లేదో ఆయన నోటితోనే వినాలట. స్పందన పై ప్రాణాలు పైనే పోయాయి. బుధవారం సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్ళి రమామణి కాళ్ళ మీద పడినంత పని చేసింది. "ఆంటీ, రేపు ఒక్కసారి 'సరిపోతుంది' అని చెప్పమనండి ఆంటీ. ఒక్కసారి!"

"ముప్పై ఏండ్లాయె పాపా, నేను ఆ మాట ఇనింటే ఒట్టు. సరే, ప్రయత్నం చేద్దాం రా," అని రమామణి భర్తను సోఫాలో కూర్చోబెట్టింది. "అను. ఇట్ ఈజ్ ఎనఫ్."

"ఇట్ ఈజ్..." అన్నాడు సుబ్బయ్య. నుదుటి మీద చెమట పట్టింది.

"ఊఁ, ఎనఫ్."

"ఇట్ ఈజ్ ఎనఫ్..." అన్నాడు. స్పందన చప్పట్లు కొట్టబోయింది. "...ఫర్ నౌ, బట్ నాట్ రియల్లీ," అని పూర్తి చేశాడు.

పకోడీల పళ్ళెం ముందుపెట్టి ఇవి ఎన్ని అని అడిగారు. చాలవన్నాడు. తీసేసి, ఇప్పుడు చాలునా అన్నారు. అసలే లేకపోతే యాడ చాలుతుంది అన్నాడు. రాత్రి భోజనం వేళకు మాత్రం రమామణి పట్టుదల గెలిచింది. మూడుసార్లు వరసగా, తడబడకుండా, "ఇట్ ఈజ్ ఎనఫ్, సార్" అన్నాడు. ఆ మూడుసార్లూ కళ్ళు గట్టిగా మూసుకుని అన్నాడు.

గురువారం బ్రూస్ గదిలో స్పీకర్ ఫోన్ చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. అవతలి గొంతు అడిగింది, లెర్నర్స్‌లో మంచు ఉందా అని. ఉంది సార్ అన్నాడు సుబ్బయ్య. స్పందన గుండె కుదుటపడింది. శనివారానికి సరిపోతుందా అని అడిగింది గొంతు.

సుబ్బయ్య కళ్ళు మూసుకున్నాడు. "ఇట్ ఈజ్..." అన్నాడు. స్పందన పెదవులతో మిగిలిన మాట అందించింది. బ్రూస్ కూడా అందించాడు. సుబ్బయ్య ఒక కన్ను తెరిచి కిటికీలోంచి పడమటి ఆకాశం చూశాడు. అక్కడ కొండల మీద వంపు తిరిగిన మబ్బు ఒకటి నిలబడి ఉంది. "నాట్ ఎనఫ్," అన్నాడు.

శనివారం పది గంటలకు వాలు తెరిస్తే సరే, లేకుంటే ఈ ఏటికి మూసేయండి అని ఫోన్ పెట్టేశారు.

"మీ నోటికి ఆ ఒక్క మాటే వచ్చా అంకుల్?" స్పందన కుర్చీ వెనక్కి తోసి లేచింది. "చాలు అంటే మీ సొమ్మేం పోయిద్ది? నేను సామాన్లు సర్దుకోవాల్సి వస్తే అప్పుడు చాలుద్దా మీకు?"

సుబ్బయ్య మొహం చిన్నబోయింది. ఏదో చెప్పబోయాడు. ఆమె వినకుండా తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున ఆమె వంతు ఉగ్గాని డబ్బాలోనే ఉండిపోయింది. అలిగిన మనిషి ఆకలిని కూడా లెక్కచేయదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నమే నార్‌వెస్టర్ మొదలైంది. కొండల మీద వంపు మబ్బు నిలిచిందంటే వెనకే పడమటి నుంచి దిగే వెచ్చని గాలి అది. ఆ ప్రాంతంలో తలనొప్పులకూ మొగుడూపెళ్ళాల తగాదాలకూ అదే కారణమని చెప్పుకుంటారు. మంచుకు మాత్రం అది యముడు. స్పందన తన వాలు కింద నిలబడి చూస్తూనే ఉంది. తెల్లటి మంచు ముందు మసకబారింది, తరవాత నీళ్ళు కారింది, సాయంత్రం నాలుగయ్యేసరికి నడుమ నుంచి గడ్డిదుబ్బులు ఒక్కొక్కటే తల ఎత్తాయి. నిన్న సరిపోతుందని తాను కళ్ళారా చూసిన మంచది. ఆమె అక్కడే బెంచీ మీద కూర్చుని తెనాలికి ఫోన్ చేద్దామా వద్దా అని ఆలోచించింది.

"పాపా, బ్రూస్‌ను గ్రూమర్ తీసుకురమ్మను," అన్న గొంతు వెనక నుంచి వినిపించింది. గ్రూమర్ అంటే మంచును తోసి చదును చేసే బండి.

"ఏం చదును చెయ్యాలి అంకుల్? గడ్డినా?"

"ముందు రమ్మను."

బ్రూస్ బండి తెచ్చాడు. సుబ్బయ్య ఇద్దర్నీ వాలు పక్కనున్న గండిలోకి తీసుకువెళ్ళాడు. అక్కడ ఎండ తగలదు, గాలి దూరదు. గండి మలుపులో ఇంటెత్తు గుట్ట ఒకటి, దాని మీద పాత టార్పాలిన్లు, వాటి మీద గడ్డిమోపులు. మామిడికాయలు మాగేసినట్టుంది వరస. సుబ్బయ్య ఒక మూల టార్పాలిన్ లాగాడు. లోపలంతా మంచు, చెక్కు చెదరకుండా, మల్లెపువ్వులా ఉంది.

బ్రూస్ గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "ఇంత ఎక్కడిది సుబ్బయ్యా?"

"చాలదు బ్రూస్. కాని ప్రస్తుతానికి ఉన్నది ఇదే," అన్నాడు సుబ్బయ్య చేతులు నలుపుకుంటూ.

గాలి తగ్గాక రాత్రంతా గ్రూమర్‌తో ఆ మంచును వాలు మీదికి తోసి, శనివారం తొమ్మిదిన్నరకే లెర్నర్స్ స్లోప్ తెరిచారు. రంగురంగుల టోపీలు పెట్టుకున్న పిల్లలు కోడిపిల్లల్లా దొర్లుతూ, పడుతూ, ఏడుస్తూ, మళ్ళీ లేచి దొర్లుతూ వాలంతా నింపేశారు. పదింటికి ఆక్లండ్ నుంచి ఫోన్ వస్తే బ్రూస్ మాటలేం చెప్పకుండా ఫోన్‌ను పిల్లల గోల వైపు పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి స్పందన ఆ వాలుకు పర్మనెంట్ సూపర్‌వైజర్ అయింది. వార్త వినగానే ఆమె తెనాలికి ఫోన్ చేసి అమ్మతో ఏడ్చింది, నాన్నతో నవ్వింది. తరవాత ముఖం కడుక్కుని పంపు షెడ్డుకు బయలుదేరింది. పెద్దాయనను అన్ని మాటలు అన్నందుకు సిగ్గుగా ఉంది.

షెడ్డులో సుబ్బయ్య ఒక పెద్ద ఇనప చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పుతున్నాడు. అది కీచుమంటూ తిరిగింది. గోడ మీద రేస్ స్లోప్ పైపుకున్న ప్రెజర్ ముల్లు సున్నా దగ్గర్నుంచి ఒక్కసారి లేచి ఎగిరి కూర్చుంది. స్పందన ముల్లును చూసింది, చక్రాన్ని చూసింది, ఆయనను చూసింది.

"అంకుల్... ఇన్నాళ్ళూ పై వాల్వ్ మూసేసి ఉంచారా?"

సుబ్బయ్య వెనక్కి తిరగలేదు. "ఊఁ."

"మరి పైకి ప్రెజర్ చాలదని బ్రూస్‌తో రోజూ అబద్ధం చెప్పారా?"

"అబద్ధమేముంది పాపా?" సుబ్బయ్య నిజంగానే నొచ్చుకున్నాడు. "వాల్వు మూసినంక ప్రెజర్ యాడ చాలుతుంది?"

స్పందనకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ నూనెడబ్బా మీద కూర్చుండిపోయింది. ఆయన చెయ్యి తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. "మా నాయన ఊర్లో నీరుగంటి పని చేస్తాండె. పొలాలకు వంతుల పెట్టి నీళ్ళు ఇడ్సేది ఆయనే. నీళ్ళు తక్కువొచ్చిన యేడు చివర మడికే ముందు తడి. ఎగువోడు అరిసినా, కట్టె ఎత్తినా ఇడ్సడు. ఎగువోడికి ఎట్లన్నా అందుతాది పాపా, చివరోడికి మనం ఇడ్సకుంటే ఎవరిడుస్తారు? రేసులోళ్ళు వచ్చే వారం ఆడుకుంటారు, వాళ్ళకేం తొందర? నీకు ఈ శనివారమే గదా."

"ఆ ముక్క నాతో చెప్పొచ్చు కదా అంకుల్! నేనెంత ఏడ్చానో తెలుసా?"

"చెప్పింటే నీ మొగంలో తెలిసిపోతాది. నీకు తెలిసి చేసినామంటే నీ మీదికీ మాటొస్తాది. నాకైతే ఏముంది? తిడితే తిడతారు. చాలదు అనేది నాకు అలవాటే కదా, ఎవరూ ఇనరు." అంటూ ముక్కు తుడుచుకున్నాడు. ముక్కుకు నల్లటి గ్రీజు అంటింది. పులిహోర డబ్బాలతో తలుపు తట్టిన రోజు నుంచీ ఈ మనిషి 'చాలదు' అన్నప్పుడల్లా చివరన ఉన్న ఎవరిని లెక్కపెడుతున్నాడో స్పందనకు అప్పుడు అర్థమైంది. ఆమెకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, అలాగే గ్రీజు ముక్కుతో ఉన్న మనిషిని కావలించుకుంది.

వాకీటాకీ గరగరలాడింది. బ్రూస్ గొంతు. "సుబ్బయ్యా! రేస్ స్లోప్ గన్నులన్నీ ఒక్కసారిగా ఊపందుకున్నాయి! ఏం చేశావు?"

సుబ్బయ్య బిత్తరపోయి స్పందనను చూశాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన చుట్టూ చూసి, చివరికి బ్రూస్ కంటే పెద్దదైన ఆ ముసలి పంపు మీద చూపు నిలిపాడు.

"పంపుకు దండం పెట్టినాను," అన్నాడు ఇంగ్లీషులో.

"అంతేనా?"

"బొట్టు కూడా పెట్టాలి. మా వైపు యంత్రాలకు అట్లే చేస్తాం. ఈరోజు కుంకుమ తేలేదు."

"గుడ్ ఆన్ యా, మేట్," అని మెచ్చుకున్నాడు బ్రూస్.

తరవాతి వారానికి రేస్ స్లోప్ కూడా తయారైంది, పోటీలు ఘనంగా జరిగాయి, ఎవరికీ ఏ లోటూ రాలేదు. పోటీల రోజు పొద్దున స్పందన తాళంచెవి కోసం పంపు షెడ్డుకు వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల ముసలి పంపు ముందు బ్రూస్ నిక్కరుతో, టోపీ తీసి చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు. పంపు నెత్తిన గుండ్రటి ఎర్రబొట్టు. దాన్నుంచి టొమాటో సాస్ వాసన వస్తోంది. బ్రూస్ కళ్ళు భక్తిగా మూసుకుని ఉన్నాయి. ఇంతలో ఒక కన్ను మెల్లగా తెరుచుకుంది. బ్రూస్ పక్కనున్న వాల్వు ఇనప చక్రాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, అది పూర్తిగా తెరిచే ఉందని చేత్తో తట్టి రూఢి చేసుకుని, పెదవి చివర చిన్నగా నవ్వి, మళ్ళీ కన్ను మూసుకున్నాడు. స్పందన చప్పుడు చేయకుండా వెనక్కి నడిచి, పూజ పూర్తయ్యేదాకా బయట మంచులోనే నిలబడింది.